తమ్ముళ్ల కోసం లెక్కల పుస్తకం రాసిన అక్క



హైస్కూల్లో అడుగుపెట్టేటప్పుడు ఎక్స్ అంటే ఏమిటో తెలుసుకున్న పిల్లలు ఇంటర్ రెండో సంవత్సరం ముగిసేసరికి సమాకలనం, అవకలన సమీకరణాల దాకా వెళ్తారు. మధ్యలో వర్గ సమీకరణాలు, నిరూపక జ్యామితి, త్రికోణమితి, శాంకవాలు, అవధులు, అవకలనం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మీలో ఎంపీసీ చదివినవాళ్లకు 1ఏ, 1బీ, 2ఏ, 2బీ అనే నాలుగు పేపర్లు ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి. పరీక్షల హడావుడిలో మనం ఈ దారిని పేపర్లుగా, మార్కులుగా చూస్తాం. నిజానికి అదంతా ఒకే దారి. బీజగణితంలో మొదలుపెట్టినవాడు చేయి వదలకుండా నడిస్తే కాల్‌క్యులస్‌కే చేరతాడు.

ఈ దారి మొత్తాన్ని చదువుకునే పిల్లల కోసం ఒకే గ్రంథంగా పేర్చి అచ్చు వేయించినవాళ్లలో ఒక మహిళ ఉన్నారు. 1748లో ఇటలీలోని మిలాన్ నగరంలో ఆ పుస్తకం వచ్చేనాటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. పేరు మరియా గయెటానా అన్యేసి. ఇంగ్లిష్ అక్షరాలను బట్టి కొందరు ఆగ్నెసి అని కూడా పలుకుతారు.

ఈ నెల ఆమె జీవితం చదువుదాం. తెలివైన బిడ్డ ఇంట్లో ఉంటే ఆ తెలివిని ఏం చేయాలన్న ప్రశ్న ఆమె బాల్యం నుంచి చివరిదాకా వెంటే ఉంది. అది మన ఇళ్లలోనూ రోజూ ఉన్న ప్రశ్నే.

పట్టు వ్యాపారి ఇంట్లో పెద్ద కూతురు

మరియా 1718 మే 16న మిలాన్‌లో పుట్టింది. ఆ ఊరు అప్పట్లో ఆస్ట్రియాకు చెందిన హాప్స్‌బర్గ్ రాజవంశం ఏలుబడిలో ఉండేది. అన్యేసి కుటుంబం పట్టు వ్యాపారంలో బాగా సంపాదించింది. తండ్రి పియెత్రోకు డబ్బుకు లోటు లేదు. ఆయన కోరుకున్నది ప్రభువంశాల వారితో సమానమైన హోదా. తల్లి అన్నా బ్రివియో. మరియాకు పద్నాలుగేళ్లు నిండకముందే, 1732లో ఆమె చనిపోయారు. పియెత్రో మొత్తం మూడు పెళ్లిళ్లు చేసుకున్నారు. ఆ ముగ్గురు భార్యల సంతానం 21 మంది. అందరిలోకీ పెద్దది మరియా.

పెద్ద కుటుంబాల్లో పెద్ద కూతురు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. సగం అక్క, సగం అమ్మ. మరియా కూడా అంతే. దానికి తోడు ఆ పాప చదువులో అసాధారణంగా ఉండేది. ఐదేళ్లకే ఇటాలియన్‌తో పాటు ఫ్రెంచి ధారాళంగా మాట్లాడేది. పదకొండేళ్లు వచ్చేసరికి లాటిన్, గ్రీకు, హీబ్రూ, స్పానిష్, జర్మన్ కూడా వచ్చేశాయి. ఏడు నాలుకల వక్త అని ఊళ్లో పేరు పెట్టారు.

ఆ రోజుల్లో డబ్బున్నవాళ్లు కూడా ఆడపిల్లలకు మతబోధ, మర్యాదలు, కుట్టుపని నేర్పించి చదువు అయిపోయిందనుకునేవారు. పియెత్రో అలా అనుకోలేదు. ఊళ్లో దొరికే మంచి గురువుల్ని ఇంటికి పిలిపించి కూతురికి చదువు చెప్పించారు. 1727లో, తొమ్మిదేళ్ల వయసులో, పెద్దల సభ ముందు మరియా లాటిన్‌లో ఒక ప్రసంగం అప్పజెప్పింది. ఆడవాళ్లకు ఉన్నత విద్య ఎందుకు ఉండాలన్నది దాని విషయం. ఆ ప్రసంగం అచ్చులో కూడా వచ్చింది. మూడు వందల ఏళ్ల నాటి మాట ఇది. ఆ తండ్రి మొదట వేసిన అడుగు ఎంత గొప్పదో గమనించండి.

హాల్లో దీపాలు, మధ్యలో కూతురు

ఆ తర్వాత సంగతి కాస్త జాగ్రత్తగా చదవాలి. పియెత్రో తన ఇంట్లో తరచూ సభలు పెట్టేవారు. ఊళ్లోని పెద్దమనుషులు, పండితులు, మిలాన్ మీదుగా వెళ్లే విదేశీయులు వచ్చేవారు. మధ్యలో మరియా కూర్చునేది. ఎవరు ఏ విషయం ఎత్తితే దాని మీద లాటిన్‌లో వాదించాలి. విదేశీయులు వాళ్ల భాషలో అడిగితే ఆ భాషలోనే జవాబు చెప్పాలి. సముద్రపు ఆటుపోట్లు, ఆత్మకూ శరీరానికీ ఉన్న సంబంధం, వక్రరేఖల గుణాలు, ఇలా ఏదైనా సరే. చెల్లెలు మరియా తెరేసా హార్ప్సికార్డ్ అనే వాయిద్యం వాయించేది, పాడేది. ఆమె కూడా మామూలు పిల్ల కాదు, తర్వాతి కాలంలో ఓపెరాలకు సంగీతం కూర్చింది. ఒక ఇంట్లో ఇద్దరు అద్భుత బాలికలు. ఊరంతా అన్యేసి వారి ఇంటి గురించే చెప్పుకునేది.

1739లో షార్ల్ ద బ్రోస్ అనే ఫ్రెంచి న్యాయాధికారి ఆ సభకు వచ్చి, చూసినది వివరంగా రాసిపెట్టారు. గుండ్రంగా కూర్చున్న ముప్ఫై మంది అతిథుల మధ్య ఆమె చూపిన పాండిత్యానికి ఆయన ఆశ్చర్యపోయారు. అదే సందర్భంలో మరియా ఇలాంటి బహిరంగ చర్చలు తనకు ఇష్టం ఉండదని ఆయనతో చెప్పింది. తండ్రి పిలిచిన అతిథికే కూతురు ఆ మాట చెప్పుకోవలసి వచ్చింది.

అంతకు చాలా ముందే శరీరం ఒక హెచ్చరిక ఇచ్చింది. సుమారు పన్నెండేళ్ల వయసులో మరియా జబ్బు పడింది. చదువు ఎక్కువై వచ్చిన జబ్బని వైద్యులు తేల్చారు. మందుగా నాట్యం, గుర్రపు స్వారీ చేయమన్నారు. ఆ పిల్ల వాటిని కూడా చదువులాగే పట్టుదలగా చేసింది. మూర్ఛలు మొదలయ్యాయి. చివరికి దేనిలోనూ అతి వద్దని, మితంగా ఉండమని చెప్పారు. ఇప్పటి వైద్యం ఆ జబ్బుకు వేరే పేరు పెట్టవచ్చు. కానీ చదువు తగ్గించమంటే దాని స్థానంలో ఇంకో పనిని అంతే గట్టిగా నింపేయడం మనకు తెలియని సంగతి కాదు. ట్యూషన్ మానిపించి అదే టైములో అబాకస్ క్లాసు పెట్టే ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి.

కూతురు పెట్టిన షరతులు

1738లో మరియా సభల్లో వాదించిన విషయాలను సుమారు 190 ప్రతిపాదనలుగా చేర్చి లాటిన్‌లో ఒక పుస్తకం వచ్చింది. తర్కం, యాంత్రికశాస్త్రం, న్యూటన్ చెప్పిన గురుత్వాకర్షణ, ఆడవాళ్ల చదువు అన్నీ అందులో ఉన్నాయి. పియెత్రో కోరుకున్న కీర్తి వచ్చేసింది. సరిగ్గా ఆ సమయంలోనే, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, మరియా ఒక కోరిక బయటపెట్టారు. కాన్వెంటులో చేరి సన్యాసినిగా ఉండిపోతానని.

తండ్రి తట్టుకోలేకపోయారు, వద్దని బతిమాలారు. కూతురు తండ్రి మాట కాదనలేదు, తన మాటా వదులుకోలేదు. ఇంట్లోనే ఉంటానని ఒప్పుకుని మూడు షరతులు పెట్టారు. సాదా బట్టలే కట్టుకుంటాను. చర్చికి ఎప్పుడు వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్తాను. నాట్య విందులకు, నాటకశాలలకు, వినోదాలకు నన్ను పిలవకండి. తండ్రి ఒప్పుకున్నారు.

ఈ ఒప్పందం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. డబ్బు, నగలు, మంచి పెళ్లి సంబంధం, ఏదీ ఆమె అడగలేదు. తన సమయం తనకు కావాలన్నారు. ఆ సమయం దొరికాకే ఆమె జీవితంలోని పెద్ద పని ముందుకు సాగింది. సభల కోసం చదివినన్నాళ్లు మరియా ఇతరులు రాసినవి వల్లెవేశారు, వాదించారు. సొంతంగా కూర్చుని కట్టిన పని ఆ పది సంవత్సరాలలోనిదే.

పదేళ్ల పని

1740లో రామీరో రాంపినెల్లి అనే గణిత ఆచార్యుడు మిలాన్ వచ్చారు. ఆయన ఒలివెటన్ శాఖకు చెందిన సన్యాసి. మరియాకు గురువు కుదిరారు. అప్పటికి ఫ్రాన్స్‌లో వచ్చిన రెనో అనే రచయిత గణిత గ్రంథాన్ని ఆయన దగ్గర కూర్చుని చదివారు. అది సులువైన పుస్తకం కాదు. అర్థమైన కొద్దీ ఆమెకు ఒక విషయం తెలిసొచ్చింది. కొత్త గణితమంతా ముక్కలు ముక్కలుగా పడి ఉంది.

అప్పటి పరిస్థితి చూడండి. లైబ్నిజ్ 1684లో కాల్‌క్యులస్ గురించి మొదటి వ్యాసం లాటిన్‌లో ప్రచురించారు. ఇంగ్లండ్‌లో న్యూటన్ పద్ధతి వేరు, గుర్తులు వేరు. 1696లో లోపితాల్ రాసిన పాఠ్యపుస్తకం ఫ్రెంచిలో వచ్చింది, అందులో అవకలనం ఉంది కానీ సమాకలనం లేదు. మిగతాది పండితుల పత్రికల్లో, ఉత్తరాల్లో చెల్లాచెదురుగా ఉంది. కాల్‌క్యులస్ నేర్చుకోవాలనుకున్న ఇటలీ కుర్రవాడు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు చదవాలి, ఏది తర్వాత చదవాలి అని చెప్పేవాళ్లు లేరు.

సభల్లో అతిథుల్ని మెప్పించడానికి వాడిన ఏడు భాషలు ఇప్పుడు అసలు పనికి ఉపయోగపడ్డాయి. మరియా ఆ పుస్తకాలన్నీ మూలంలోనే చదివారు. తమ్ముళ్లకు లెక్కలు చెప్పడానికి రాసుకున్న నోట్సుతో ఈ పని మొదలైందని చెబుతారు. అది పెరిగి పెరిగి రెండు సంపుటాలయింది, వెయ్యి పేజీలు దాటింది. పండితుల కోసమైతే లాటిన్‌లో రాయాలి. ఆమె ఇటాలియన్‌లో రాశారు. ఇటలీ యువత ఉపయోగం కోసం అని పుస్తకం పేరులోనే పెట్టారు. ఆ కాలంలో ఇటలీ గణితవేత్తల్లో పెద్దవారైన జాకొపొ రిక్కాటికి రాతప్రతి పంపి, ఆయన చెప్పిన సవరణలు ఉత్తరాల ద్వారా తీసుకున్నారు. అచ్చుయంత్రాలను తమ ఇంట్లోనే పెట్టించి, సూత్రాలు తప్పు పడకుండా దగ్గరుండి చూసుకున్నారు.

పుస్తకం లోపల ఏముంది?

మొదటి సంపుటం పరిమిత రాశుల గురించి. తెలియని రాశికి పేరు పెట్టడం, సమీకరణం కట్టడం, దాన్ని సాధించడం, ఆ సమీకరణాన్ని వక్రరేఖగా గీయడం, శాంకవాలు. రెండో సంపుటంలో వరుసగా అవకలనం, సమాకలనం, ఆ తర్వాత అవకలన సమీకరణాలు. మన పిల్లలు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నడిచే దారికి ఇది చాలా దగ్గర.

ఆమె చేసిన ఒక ఏర్పాటు గురించి మీకు తప్పక చెప్పాలి. గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కోవడం, వక్రానికి స్పర్శరేఖ గీయడం అనే ప్రశ్నల్ని ఆమె మొదటి సంపుటం చివర్లో కేవలం బీజగణితంతో చేయించారు. తర్వాత అవే తరహా ప్రశ్నలు రెండో సంపుటంలో అవకలనంతో వస్తాయి. దీని వల్ల ఏం లాభమో ఇంట్లో దొరికే ఒక చిన్న లెక్కతో చూద్దాం.

మీ పెరట్లో మొక్కల మడికి కంచె వేయాలి. మీ దగ్గర 40 మీటర్ల కంచె ఉంది. మడి దీర్ఘచతురస్రంగా ఉండాలి. ఎక్కువ స్థలం రావాలంటే పొడవు, వెడల్పు ఎంతెంత ఉండాలి? పొడవు, వెడల్పు కలిపితే 20 మీటర్లు. పొడవు 15, వెడల్పు 5 అయితే 75 చదరపు మీటర్లు. 12, 8 అయితే 96. 10, 10 అయితే 100. ఇక్కడిదాకా ఆరో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

బీజగణితం వచ్చిన పిల్లలు పొడవును ఎక్స్ అంటారు. వైశాల్యం ఎక్స్‌ను (20 − ఎక్స్)తో గుణిస్తే వచ్చేది. దాన్ని వర్గంగా సర్దితే, 100 లోంచి (ఎక్స్ − 10) వర్గాన్ని తీసేసినట్టు అవుతుంది. వర్గం ఎప్పుడూ సున్నా కంటే తక్కువ కాదు కాబట్టి తీసేసేది సున్నా అయినప్పుడే ఎక్కువ మిగులుతుంది. అంటే ఎక్స్ 10 అయినప్పుడు. వంద కంటే ఎక్కువ రాదని రుజువు కూడా అయిపోయింది.

ఇంటర్ పిల్లలు అవకలనం చేస్తారు. 20 − 2ఎక్స్ వస్తుంది. దాన్ని సున్నాకు సమానం చేస్తే ఎక్స్ 10. ఒక్క వరుసలో జవాబు. కానీ వర్గంగా సర్దడం తెలిసిన పిల్లలకు ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చిందో కనిపిస్తుంది. అది తెలియని పిల్లలు ఆ ఒక్క వరుసను బట్టీ పడతారు, ప్రశ్న కొంచెం మారితే ఆగిపోతారు. బీజగణితం చేతకాక కాల్‌క్యులస్‌లో తప్పులు చేసే పిల్లల్ని లెక్కల మాస్టార్లు ప్రతి సంవత్సరం చూస్తారు. మరియా పుస్తకం ఆ సమస్యకు 1748లోనే ఒక పరిష్కారం చూపింది. కొత్త పనిముట్టు చేతికిచ్చే ముందు పాత పనిముట్టుతో అదే పని ఒకసారి చేయించాలి.

మంత్రగత్తె అనే పేరు

ఆమె పేరు ఈనాటికీ ఒక వక్రరేఖకు ఉంది. మీ పిల్లలు దాన్ని ఒక సాయంత్రం నోట్‌బుక్కులో గీయవచ్చు. ఒక వృత్తం గీయండి. దాని అడుగు బిందువు దగ్గర ఒక అడ్డగీత, పై బిందువు దగ్గర ఒక అడ్డగీత, రెండూ వృత్తాన్ని తాకుతూ ఉండాలి. అడుగు బిందువు నుంచి ఒక ఏటవాలు గీత గీస్తే అది వృత్తాన్ని ఒకచోట కోసి, పై గీతను ఇంకోచోట తాకుతుంది. పై గీత మీది బిందువు నుంచి నిలువుగా కిందికి రండి. వృత్తం మీది బిందువు నుంచి అడ్డంగా వెళ్లండి. రెండూ కలిసిన చోట చుక్క పెట్టండి. ఏటవాలు మారుస్తూ పది చుక్కలు పెట్టి కలిపితే చిన్న గుట్ట ఆకారం వస్తుంది. గుట్ట రెండు వైపులా అడుగు గీతకు దగ్గరవుతూ పోతుంది కానీ దాన్ని ఎప్పటికీ తాకదు.

వృత్తం వ్యాసం 1 అయితే ఈ వక్రం సమీకరణం, 1ని (1 + ఎక్స్ వర్గం)తో భాగించినది. సమాకలనం చేస్తే టాన్ ఇన్వర్స్ ఎక్స్ వచ్చే ఆ ప్రమేయాన్ని ఇంటర్ పిల్లలు వెంటనే గుర్తుపడతారు. గుట్టకూ అడుగు గీతకూ మధ్య ఉన్న స్థలం రెండు వైపులా అంతులేకుండా సాగినా, దాని వైశాల్యం వృత్తానికి సరిగ్గా నాలుగు రెట్లే. అంతులేని పొడవుకు లెక్క తేలే వైశాల్యం ఉండటం పిల్లలకు భలే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఈ వక్రాన్ని ఆమె కంటే ముందే ఫెర్మా, గ్వీదో గ్రాండి పరిశీలించారు. తెరచాపను తిప్పే తాడుకు ఉన్న లాటిన్ పేరు నుంచి గ్రాండి దీనికి పేరు పెట్టారు. ఇటాలియన్‌లో అది వెర్సియెరా అయింది. ఆ మాటకు దగ్గరగా వినిపించే ఇంకో ఇటాలియన్ మాటకు మంత్రగత్తె, దయ్యం లాంటి అర్థం ఉంది. కేంబ్రిడ్జ్ ఆచార్యుడు జాన్ కోల్సన్ పెద్ద వయసులో ఇటాలియన్ నేర్చుకుని మరీ ఈ పుస్తకాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. ఆ అనువాదంలో తాడు కాస్తా మంత్రగత్తె అయిపోయింది. కోల్సన్ 1760లోనే చనిపోయినా అనువాదం 1801లో అచ్చయింది. అప్పటి నుంచి ఇంగ్లిష్‌లో ఆ వక్రం అన్యేసి మంత్రగత్తె. ఆమె మిగతా జీవితం తెలిస్తే ఈ పేరు ఎంత అతకనిదో మీకే అర్థమవుతుంది.

సన్మానాలు వచ్చాయి, ఆమె వెళ్లలేదు

పుస్తకాన్ని మరియా ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసాకు అంకితం ఇచ్చారు. మహారాణి వజ్రపుటుంగరం, వజ్రాలు పొదిగిన స్ఫటికపు పెట్టె పంపారు. పారిస్‌లోని సైన్సు అకాడమీ పండితులు పుస్తకాన్ని పరిశీలించి మెచ్చుకున్నారు, కానీ ఆడవాళ్లకు ఆ అకాడమీలో సభ్యత్వం లేదు. రెండో సంపుటానికి 1775లో ఫ్రెంచి అనువాదం వచ్చింది. పోప్ పద్నాలుగో బెనడిక్ట్‌కు లెక్కలు తెలుసు. ఆయన బంగారు పతకం పంపడంతో పాటు 1750లో ఆమెను బొలోన్యా విశ్వవిద్యాలయంలో గణితాచార్య పదవికి నియమించారు. ఒక విశ్వవిద్యాలయంలో గణితానికి అలా నియామకం పొందిన తొలి మహిళ ఆమే.

ఆమె బొలోన్యాకు వెళ్లి పాఠం చెప్పలేదు. ఆ జాబితాలో పేరు మాత్రం దశాబ్దాల పాటు ఉండిపోయింది.

1752 మార్చిలో పియెత్రో చనిపోయారు. అప్పటికి మరియాకు ముప్ఫై మూడేళ్లు. ఆ తర్వాత ఆమె గణితాన్ని పక్కన పెట్టేశారు. 1762లో టురిన్ విశ్వవిద్యాలయం వారు లగ్రాంజ్ అనే యువకుడి కొత్త పని మీద అభిప్రాయం అడిగితే, ఆ విషయాలు ఇప్పుడు తన పని కాదని జవాబిచ్చారు. ఆ లగ్రాంజ్ తర్వాత యూరప్‌లోని మహా గణితవేత్తల్లో ఒకరయ్యారు.

పేదల ఇంట్లో

పుస్తకం రాస్తున్న రోజుల నుంచే ఆమె పేద స్త్రీలకు, రోగులకు సేవ చేస్తుండేవారు. ఇప్పుడు అదే జీవితమైంది. 1759లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, దిక్కులేని వారిని చేర్చుకుని, వాళ్లతోనే ఉన్నారు. ఖర్చుల కోసం మహారాణి ఇచ్చిన వజ్రపు కానుకల్ని అమ్మేశారు. 1771లో మిలాన్‌లో త్రివుల్జియో ప్రభువు ఇచ్చిన భవనంలో వృద్ధుల కోసం పెద్ద ఆశ్రమం తెరిచారు. అందులో స్త్రీల విభాగం చూసుకునే బాధ్యత ఆమెకు అప్పగించారు. 1783లో తన నివాసం కూడా అక్కడికే మార్చేసుకున్నారు. 1799 జనవరి 9న, ఎనభయ్యో ఏట, ఆ ఆశ్రమంలోనే కన్నుమూశారు. పేదలను పూడ్చే ఉమ్మడి సమాధిలో పదిహేను మందితో పాటు ఆమెనూ ఉంచారు. ఆమె కోరుకున్న సాదా జీవితానికి అది తగిన ముగింపే.

మన ఇళ్లకు వస్తే

ఈ కథ విన్నవాళ్లు రెండు రకాలుగా బాధపడతారు. అంత తెలివిని వృథా చేసుకున్నారే అని కొందరు. తండ్రి ఆ పిల్లను ప్రదర్శనకు పెట్టకుండా ఉండాల్సింది కదా అని కొందరు. తొందరపడి ఏ పక్షమూ తీసుకోకండి. పియెత్రో చదివించకపోతే ఆ పుస్తకం లేదు. ఇంట్లో డబ్బు, గురువులు, పుస్తకాలు, అచ్చుయంత్రం, అన్నీ ఆయన వల్ల వచ్చినవే. అదే తండ్రి కూతురి తెలివిని తన హోదాకు మెట్టుగా వాడుకున్నదీ నిజమే. మనలోనూ ఈ ఇద్దరు తండ్రులూ ఉంటారు. ఫీజు కట్టేటప్పుడు ఒకరు, బంధువుల వాట్సాప్ గ్రూపులో ర్యాంకు కార్డు పెట్టేటప్పుడు ఇంకొకరు.

ఆ ఇంట్లో పరిస్థితి కుదుటపడింది ఎప్పుడు? కూతురు తనకేం కావాలో చెప్పినప్పుడు, తండ్రి విన్నప్పుడు. కాన్వెంటు వద్దన్నారు కానీ షరతులు ఒప్పుకున్నారు. పూర్తిగా ఎవరి మాటా నెగ్గలేదు. అందుకే పదేళ్లపాటు పని సాగింది. మీ అబ్బాయి ఎంపీసీ వద్దన్నా, మీ అమ్మాయి ఆదివారం టెస్టు మానేస్తానన్నా, వెంటనే సరేనక్కర్లేదు, వెంటనే కోప్పడక్కర్లేదు. వాళ్ల షరతులేమిటో అడగండి. చాలాసార్లు అవి మనం భయపడినంత పెద్దవి కావు. రోజుకో గంట ఆట, చుట్టాల ముందు ఎక్కాలు చెప్పించకపోవడం, మార్కుల గురించి భోజనాల దగ్గర మాట్లాడకపోవడం, అంతే ఉంటాయి.

రెండో విషయం లెక్కల గురించి. మరియా బాగా నేర్చుకున్నది పెద్దల సభలో జవాబులు చెబుతూ కాదు, తమ్ముళ్లకు అర్థమయ్యేలా రాస్తూ. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే వారానికి ఒక్కరోజు పెద్దవాళ్లను చిన్నవాళ్లకు ఒక లెక్క చెప్పమనండి. పైన చెప్పిన కంచె లెక్కతోనే మొదలుపెట్టవచ్చు. ఒక్కరే ఉంటే మీరే విద్యార్థిగా కూర్చోండి. మీకు కాల్‌క్యులస్ గుర్తులేకపోయినా ఫరవాలేదు, ఇది ఎక్కడి నుంచి వచ్చిందని మధ్యమధ్య అడిగితే చాలు. జవాబు దగ్గర తడబడితే ఆ తడబడిన చోటు రాసి పెట్టండి. సాధారణంగా అది ఇప్పటి పాఠంలో ఉండదు, రెండేళ్ల కిందటి బీజగణితంలో ఉంటుంది. వచ్చే పేరెంట్స్ మీటింగుకు మార్కుల లిస్టుతో పాటు ఆ కాగితం కూడా తీసుకురండి. లెక్కల టీచరుకు దానికంటే పనికొచ్చే సమాచారం ఇంకొకటి ఉండదు.